బిడ్డ క్రుంగిపోవుచున్నది: ఎవరియొద్దకు పోవలయును?

ఈ మాసమున మాకు చేరిన జాబులలో నొకదానిని పలుమారులు చదివితిమి. వ్రాసిన తల్లి పేరును ఊరును మేము చెప్పము. చెప్పవలదని ఆమెయే కోరినది. ఆమె పెద్దకుమార్తెకు పదునారేండ్లు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము. పదవ తరగతిలో బడికంతకును మొదటిదిగా వచ్చిన పిల్ల. దసరా సెలవులకు కళాశాల వసతిగృహమునుండి యింటికి వచ్చినది మొదలు మాట తగ్గినది. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి కూర్చుండును. తల దువ్వుకొనుమన్న విసుగుకొనును. ప్రాణమువలె చూచుకొను చెల్లెలిని గదిలోనికి రానీయదు. సెలవులు ముగిసి కళాశాలకు పోవలసిన ఉదయమున కడుపునొప్పి, వాంతులు. పొట్టకు స్కానింగు తీయించిరి, ఏమియు లేదనిరి. అత్తగారు దిష్టి యనిరి, తాయెత్తు కట్టించిరి. ఇంటాయన, ఫోను లాగుకొన్న నన్నియు కుదురుననిరి, లాగుకొనిరి. పిల్ల యా ఫోనుకొరకు ఏడ్వనైన నేడ్వలేదట. "అదియే నాకు భయము గొల్పినది" అని యా తల్లి వ్రాసినది.

జాబు చివర రెండు ప్రశ్నలున్నవి. ఇది వ్యాధియా, వయసా? వ్యాధియే యైనచో పిచ్చివైద్యునియొద్దకు తీసికొనిపోయిన పిల్లకు రేపు సంబంధములు వచ్చునా?

అమ్మా, మొదట సమాధానము చెప్పి తరువాత కారణములు చెప్పెదము. ఇది మాకు వ్యాధివలెనే కనబడుచున్నది. అవునో కాదో నిర్ణయింపవలసినది వైద్యుడు. మేమును కాము, అత్తగారును కారు. పిల్లను ఈ వారములోనే తీసికొనిపొండు. పరీక్షలు ముగియువరకు ఆగవలదు.

దుఃఖమునకును ఈ వ్యాధికిని గల భేదము తల్లులకు తెలియవలసినది. మార్కులు తగ్గిన పిల్ల యేడ్చును. స్నేహితురాలు మాటలాడకున్న రెండు దినములు అన్నము సరిగా తినదు. మూడవ దినమున ఏదో సినిమా పాట వినుచు నవ్వును. అది మనసునకు సహజమైన వాన. వ్యాధి యట్లు వచ్చి పోవునది కాదు. రెండు వారములకు తక్కువ కాకుండ, దినములో నెక్కువ భాగము, ఇంచుమించు ప్రతిదినమును మనసు మూసికొనిపోవును. ఇదివరకు ప్రీతిగా చేసినదానియందు రుచి పోవును. వీనితోగూడ నిద్ర చెడుట, ఆకలి తగ్గుటయో హెచ్చుటయో, పని చేయకయే అలసట, పుస్తకము తెరచినను అక్షరము మనసునకెక్కకుండుట, నేనెందులకును పనికిరానను తలపు, చావునుగూర్చిన యాలోచన కనబడును. వైద్యులు దీనిని డిప్రెషన్ అందురు. మనము క్రుంగుబాటు అనవచ్చును. పెద్దవారిలో ఏడుపుగా కనబడునది పిల్లలలో తరచుగా చిరాకుగా, కోపముగా బయటపడును. అందుచేతనే దానిని పొగరనుకొందుము.

ఆందోళన యనునది దీని తోబుట్టువు. రెండును కలిసి వచ్చుట సాధారణము. బడికి బయలుదేరు వేళకే కడుపునొప్పి, ఆదివారము సాయంకాలము తలనొప్పి, గుండెదడ, అరచేతుల చెమట, ఊపిరి యందనట్లుండుట. స్కానింగులో నేమియు లేదన్న నొప్పి లేదనుకొనరాదు. భయము కడుపునకు దిగినప్పుడు నొప్పి నిజముగానే యుండును. పిల్ల నటించుట లేదు.

ఇది అరుదైన సంగతియు గాదు. 2015-16 సంవత్సరములలో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల వయసు పిల్లలలో నూటికి 7.3 మందికి ఏదో యొక మనోవ్యాధి యున్నట్లు తేలినది. అరువదిమంది యున్న తరగతిగదిలో నలుగురన్నమాట. వారి తల్లులలో ఎందరు ఒకరితో నొకరు చెప్పుకొనిరో యూహించుకొనుడు.

ఇక మా యింటి సంగతి చెప్పెదము. ఇంతవరకు ఈ పుటలో వ్రాయలేదు. వ్రాయుటకు మా అక్కగారి కుమారుని అనుమతి తీసికొంటిమి. అక్కగారి ఊరిలో కళాశాల లేదు గావున వాడు మా యింటనుండి ఇంటర్మీడియట్ చదివెను. మొదటి సంవత్సరము సంక్రాంతి దాటినది మొదలు స్నానమునకు బద్ధకించుట మొదలుపెట్టెను. క్రికెట్టు బ్యాటు తలుపు వెనుక దుమ్ము పట్టినది. మేము సోమరితనమంటిమి. "మీ నాన్న అప్పుచేసి ఫీజు కట్టుచున్నాడురా" అని దినమునకు నాలుగుమారులు జ్ఞాపకము చేసితిమి. ఆ మాటయే వానికి మందని మా నమ్మకము! వాడు రాత్రులు కన్నులు మూయక లెక్క వేసికొనుచున్నది ఆ అప్పునేయని తరువాత తెలిసినది. కళాశాలలో వారము వారము పరీక్ష పెట్టి, వచ్చిన స్థానమును గోడకంటించుచుండిరి. వాని స్థానము దిగుచుండెను. ఒక వైద్యునికి చూపితిమి. ఆయన రెండు నిమిషములు చూచి వయసు ప్రభావమని బలమునకు టానిక్కు వ్రాసెను. ఎనిమిది మాసములు గడచినవి.

ఒకనాటి రాత్రి అన్నము వడ్డించుచుండగా వాడు తలయెత్తక, "పిన్నీ, నేను లేకపోతే నాన్నకు అప్పు బాధ తప్పును గదా?" అనెను. మా చేతిలోని గరిట అట్లే నిలిచినది. ఎట్లో గొంతు పెగలించుకొని, "చచ్చిపోవలెనని అనుకొనుచున్నావా, నాయనా?" అని అడిగితిమి. అప్పుడు వాడు ఎనిమిది మాసముల యేడుపు ఏడ్చెను. ఆ రాత్రి వాని ప్రక్కనే చాప వేసికొని పరుంటిమి. తెల్లవారి బోధనాసుపత్రిలోని మానసికవైద్య విభాగమునకు తీసికొనిపోతిమి.

తల్లులు వైద్యునియొద్దకు పోకుండుటకు కారణము పట్టుదల గాదు, భయము. ఆ గదిలో నేమి జరుగునో తెలియనందువలని భయము. మా మనసులోను సినిమాలలో చూపించు గొలుసులు, కరెంటు షాకులే యుండినవి. కావున ఆ గదిని ఉన్నదున్నట్లు చెప్పెదము. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు క్యాలెండరు. వైద్యురాలు నలువదేండ్ల స్త్రీ. మొదట మమ్ములను వానిని కలిపి కూర్చుండబెట్టి, ఎప్పటినుండి, నిద్ర యెట్లు, తిండి యెట్లు, చదువెట్లు, ఇంటిలో నెవరికైన నిట్టి వ్యాధి వచ్చినదా యని అడిగెను. మా మేనమామగారొకరు నెలల తరబడి గదినుండి బయటకు రాకుండెడివారని చిన్ననాడు వినియుంటిమి. ఆ సంగతి దాచితిమి. (దాచుట తప్పు. కుటుంబములో క్రుంగుబాటును, మితిమీరిన ఉత్సాహమును మార్చి మార్చి వచ్చు వ్యాధియున్నచో మందు వేరుగా నుండవలయును. రెండవమారు పోయినప్పుడు చెప్పితిమి.) తరువాత ఆమె మమ్ములను బయట కూర్చుండుమనెను.

నిజము చెప్పవలెనన్న మాకు కష్టము తోచినది. పెంచినవారము మేము, బల్లమీద బయట కూర్చుండువారము మేము! ముప్పావు గంట గడచెను. లోపల నేమి చెప్పుచున్నాడో, మమ్ములనే నిందించుచున్నాడేమో యని మనసు పరిపరి విధముల పోయెను. తరువాత వైద్యురాలు మమ్ములను పిలిచి చెప్పిన మాటలివి: వాడు చెప్పినదంతయు నేను మీకు చెప్పను. వాని ప్రాణమునకు ముప్పు కలుగు సంగతి యున్నచో తప్పక చెప్పెదను. తక్కినది వాడు చెప్పదలచిననాడు వాడే చెప్పును. ఆ నియమము లేకున్న యే పిల్లయు వైద్యునితో నోరు విప్పదు. మాకది అర్థమగుటకు కొన్ని వారములు పట్టినది. మీకు మాత్రము ముందే తెలియనిండని చెప్పుచున్నాము.

రక్తపరీక్ష వ్రాసిరి. మనోవ్యాధికి రక్తపరీక్ష యేల యని మీకును తోచవచ్చును. థైరాయిడ్ గ్రంథి మందగించినను, రక్తహీనత యున్నను అలసట, నిద్రమత్తు, నిరుత్సాహము ఇట్లే కలుగును. మన యాడపిల్లలలో రక్తహీనత యెంత విస్తారమో మీకు తెలియనిది గాదు. దానిని ముందు తేల్చుకొని తరువాత మనసుమాట యెత్తుట మంచి వైద్యుని లక్షణము.

గొలుసులు, షాకుల మాటయు చెప్పి ముగించెదము. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. రోగిని ఏ విధముగనైనను గొలుసులతో కట్టుట దానిచే నిషిద్ధము. మత్తుమందు లేకుండ విద్యుచ్చికిత్స చేయుటయు నిషిద్ధమే. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకైనచో, తప్పనిసరియని వైద్యుడు తలచినప్పుడు సంరక్షకుల సమ్మతియు, చట్టముచే నేర్పడిన మండలి ముందస్తు అనుమతియు లేనిదే విద్యుచ్చికిత్స చేయరాదు. పిల్ల వైద్యపు సంగతులు రహస్యముగా నుంచవలయుననియు, ఆరోగ్యబీమా సంస్థలు శరీరవ్యాధులకువలెనే మనోవ్యాధులకును బీమా ఈయవలయుననియు అందే యున్నది. ఈ వ్యాధిగల పిల్లలలో అత్యధికులు ఆసుపత్రిలో నొక రాత్రియైన నుండవలసిన పని లేదు. వచ్చి చూపించుకొని యింటికి పోవుదురు.

చికిత్స రెండు విధములు. మాటలచే చేయునది ఒకటి, మందులచే చేయునది రెండవది. వ్యాధి తేలికగా నున్నచో మాటల చికిత్సతోనే మొదలుపెట్టుదురు. ముదిరినచో రెండును కలుపుదురు. మాటల చికిత్స యనగా ధైర్యము చెప్పుట యని మేమనుకొంటిమి. ధైర్యము మేమును చెప్పితిమి గదా! అది వేరు విద్య. మా వానికి ఒక నోటుపుస్తక మిచ్చి, మనసు దిగజారినప్పుడెల్ల అప్పుడు వచ్చిన తలపును వ్రాయుమనిరి. "స్థానము దిగినది, నేను పనికిరానివాడను" అని వ్రాసెను. ఆ రెండు మాటల నడుమ నున్న తాడు నిజమైనదేనా యని వారమునకొకమారు కూర్చుండి విప్పుచుండిరి. దానితోబాటు చిన్న పనులు చెప్పిరి: మొదటి వారము ఉదయము చెరువుగట్టువరకు నడచుట, రెండవ వారము ఒక స్నేహితునితో పది నిమిషములు మాటలాడుట. మనసు బాగుపడిన తరువాత పని చేయుదునని కూర్చున్నచో మనసు బాగుపడదట. పనియే ముందు, మనసు దాని వెనుక. ఆందోళనకైనచో దేనికి భయపడి తప్పించుకొనుచున్నారో దానికే మెట్టు మెట్టుగా అలవాటు చేయుదురు. కడుపునొప్పి వచ్చిన ప్రతిమారును కళాశాల మాన్పించిన నా పూటకు నెమ్మది కలుగును, భయము మాత్రము బలియును. కాబట్టి జాబు వ్రాసిన సోదరి పిల్లను బలవంతముగా వసతిగృహమునకు పంపనును వలదు, నామము తీసివేయించనును వలదు. వైద్యుని యాలోచన ప్రకారము నడువవలయును.

మందులనుగూర్చి మన యిండ్లలో మూడు మాటలు వినబడును. అవి మత్తుమందులు, అలవాటుపడుదురు, జీవితాంతము మ్రింగవలయును. పిల్లల క్రుంగుబాటునకు సామాన్యముగా మొదట వాడునది ఫ్లుఆక్సెటీన్ వంటి మందు. అది నిద్రమాత్ర గాదు, మత్తు గాదు. వేసిన మరునాడు గుణము కనబడదు. నాలుగు మొదలు ఆరు వారములు ఓపిక పట్టవలయును. గుణము కనబడగనే మానివేయుట గొప్ప పొరపాటు. బాగుపడిన తరువాతను కొన్ని మాసములు వాడి, వైద్యుడు చెప్పినట్లు కొంచెము కొంచెముగా తగ్గింపవలయును. ఇంకొక సంగతి దాచరాదు. 2004లో అమెరికాలోని ఔషధ నియంత్రణాధికారులు ఇట్టి మందులపై గట్టి హెచ్చరిక వ్రాయించిరి: మొదలుపెట్టిన తొలి వారములలో కొందరు పిల్లలలో ఆత్మహత్యా తలంపులు హెచ్చవచ్చునని. దీనికి మందు మానుట ఉపాయము గాదు, కనిపెట్టియుండుట ఉపాయము. ఆ వారములలో పిల్ల నొంటరిగా నుంచక, నిద్ర బొత్తిగా పోయినను, కుదురులేనితనము హెచ్చినను వెంటనే వైద్యునికి చెప్పవలయును. మాత్రల పెట్టె తల్లిచేతిలో నుండవలయును.

ఎవరియొద్దకు పోవలయునను ప్రశ్నకు వత్తము. మానసికవైద్యుడనగా వైద్యవిద్య చదివి ఆపైన మనోవ్యాధులలో ప్రత్యేకాభ్యాసము చేసినవాడు, మందు వ్రాయగలవాడు. క్లినికల్ సైకాలజిస్టు మాటల చికిత్సలో శిక్షణ పొందినవారు. వారి పేరు భారత పునరావాస మండలిలో నమోదై యుండవలయును. కౌన్సెలర్ అను బోర్డు మాత్రము ఎవరైనను తగిలించుకొనుచున్నారు. ఏమి చదివితిరని అడుగుటకు సిగ్గుపడవలదు. చీరకొట్టులో అంచు తిప్పి చూడనిదే కొనని మనము ఇక్కడ మొగమాటపడుట యేల? ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలో మానసికవైద్య విభాగములున్నవి. హైదరాబాదులో ఎర్రగడ్డయందును, విశాఖపట్టణమునందును ప్రత్యేక ప్రభుత్వాసుపత్రులున్నవి. నిమ్‌హాన్స్‌లో పిల్లలకును యౌవనములో నున్నవారికిని వేరుగా విభాగమే కలదు. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడు అలవాటు మనకున్నది. "నిన్ను ఎర్రగడ్డలో చేర్చవలెను" అని పిల్లలమీద నవ్వులాటకైనను అనకుడు. రేపు నిజముగా పోవలసి వచ్చిననాడు ఆ నవ్వే అడ్డము నిలుచును.

బయటకు పోవుటకు వీలులేనివారు ఫోనులో మొదలుపెట్టవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వమువారు టెలి-మానస్ అను సేవను ప్రారంభించిరి. 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఎప్పుడైనను పిలువవచ్చును, తెలుగులో మాటలాడుదురు, రుసుము లేదు. తల్లియే ముందుగా పిలిచి తన బిడ్డ సంగతి చెప్పి యాలోచన యడుగవచ్చును. ఆపదలోనున్న బాలలకు 1098 కలదు.

పిల్ల రానని మొండికేసిన నేమి చేయవలయును? మోసము చేసి, బట్టలు కొనుటకని చెప్పి తీసికొనిపోవలదు. ఆ మోసము వైద్యునిమీదికి పోవును. "నీకు నిద్ర పట్టకున్నది, కడుపునొప్పి వచ్చుచున్నది, నాకు దిగులుగా నున్నది, నీలో తప్పున్నదని గాదు, ఒక్కమారు చూపింతము, నచ్చకున్న రెండవమారు వేరొకరిని చూతము" అని యున్నదే చెప్పవలయును. అప్పటికిని రాకున్న తల్లిదండ్రులే ముందు పోయి మాటలాడి రావచ్చును.

చావుమాట అడుగవచ్చునా, అడిగిన లేని తలపు పుట్టించినట్లు గాదా యని అనేకులు జంకుదురు. అడిగినంతమాత్రమున ఆ తలపు పుట్టదని పరిశోధకులు తేల్చిరి. అడిగినచో ఒంటరితనము తగ్గును. మెత్తగా, సూటిగా అడుగుడు. అవునన్నచో కోపపడవలదు, ఒట్టు వేయించుకొనవలదు, దేవునిగది యెదుట నిలువబెట్టవలదు. పిల్లను విడువక, ఇంటిలోని పురుగుమందులను, మాత్రలను తాళములో పెట్టి, ఆ దినముననే వైద్యునియొద్దకు తీసికొనిపొండు. పొలమున్న యిండ్లలో ఈ తాళము మిక్కిలి ముఖ్యము. ఆ తలపు తరచుగా కొలది సమయమే తీవ్రముగా నుండును, ఆ సమయమున చేతికందకుండుటయే ప్రాణము కాపాడును. పోలీసుకేసు అగునను భయముతో ఆసుపత్రికి తీసికొనిపోనివారున్నారు. 2017 చట్టము ప్రకారము ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మానసికపు ఒత్తిడిలో నున్నట్లు భావించి, వారికి చికిత్స చేయింపవలయునే గాని శిక్షింపరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పూర్వపు 309వ సెక్షను లేదు.

కళాశాలవారి బాధ్యతనుగూర్చియు రెండు మాటలు. 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొన్నట్లు జాతీయ నేరగణాంక సంస్థవారు లెక్క చెప్పిరి. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన తరువాత ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ దినముల వార్తాపత్రికలు మనమెవరమును మరువలేదు. విశాఖపట్టణమున వసతిగృహములో నుండి వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచున్న యొక బాలిక మరణమునుగూర్చి ఆమె తండ్రి సుప్రీముకోర్టువరకు పోయెను. ఆ వ్యాజ్యెములోనే 2025 జూలై 25న న్యాయస్థానమువారు దేశమందలి విద్యాసంస్థలన్నిటికిని మార్గదర్శకములు విధించిరి. నూరుగురు, అంతకు పైబడి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో మనస్తత్వనిపుణునో ఒక్కరినైనను నియమింపవలయును. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీయుట, అందరియెదుట అవమానించుట కూడదు. ఫీజు కట్టునప్పుడు మీ కౌన్సెలర్ ఎవరు, ఏమి చదివినారు, ఏ గదిలో కూర్చుందురని అడుగుడు. భోజనశాల చూపించుమని అడుగుదుము. ఇదియు చూపించుమని అడుగవచ్చును.

అత్తగారి తాయెత్తును విప్పవలెనా? మాకు విప్పవలసిన పని కనబడదు. మనుమరాలిపై ప్రేమతో కట్టినది. గుడికి పోయిన పిల్లకు నెమ్మదిగా నుండునన్న పోనిండు. అయితే నాలుగు మంగళవారములు చూచి తరువాత వైద్యుడన్నచో ఒప్పుకొనవలదు. తాయెత్తు చేతికుండనిండు, వైద్యుడు రేపే యుండనిండు. పెద్దవారికి కోడలి మాటకన్న వైద్యురాలి మాట చెవికెక్కును. రెండవమారు పోయినప్పుడు అత్తగారిని వెంట తీసికొనిపొండు. మేము మా అక్కగారిని బావగారిని అట్లే పిలిపించితిమి. అప్పు సంగతి పిల్లవానియెదుట ఎత్తవలదని వైద్యురాలు చెప్పినప్పుడు బావగారు చాలసేపు మాటలాడక, బయటకు వచ్చిన తరువాత, "నేనే వానికి బరువునైతినా?" అనిరి. ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయినది. ఆ మాట వానికి పదేపదే చెప్పినది మేమే గదా.

ఇక సంబంధముల ప్రశ్న. లోకము మారినది, ఎవరును ఏమియు అనరని మేము వ్రాసినచో అది అబద్ధమగును. అనువారున్నారు. ఆడపిల్లయైనచో ఇంకను ఎక్కువ అందురు. మగపిల్లవాడు గనుకనే మా యింట ఆ ప్రశ్న యెవరును అడుగలేదని యీ జాబు చదివిన తరువాత మాకు తట్టినది. కాని, సోదరీ, పిల్లకు పదునారేండ్లు. మీరు తూచుచున్నది ఎప్పుడో వచ్చు సంబంధమును, ఇప్పుడు తెల్లవారుజామున మూడు గంటలకు చీకటిలో మేలుకొని కూర్చున్న బిడ్డను. చికిత్స లేక ముదిరిన వ్యాధి నలుగురి కంటనుబడును. వేళకు చికిత్స పొందినది ఆసుపత్రి చీటీలోనే యుండును. పెండ్లినాటికి చెప్పవలసివచ్చినచో పిల్ల తానే, తగిన మనిషికి, తగిన వేళ చెప్పుకొనును. విని వెనుకకు పోవు సంబంధమున్న దానికై మేము విచారింపము.

మా వానికి ఆరవ వారమున కొంచెము మార్పు కనబడినది. మొదటి గుర్తేమనగా, పులుసులో ఉప్పు తక్కువయినదని విసుగుకొనెను. ఎనిమిది మాసములుగా వాడు రుచి యెత్తలేదు. నడుమ రెండుమారులు మరల దిగజారెను. పరీక్ష ఒక యేడు ఆలస్యముగా వ్రాసెను. మందు పదునాలుగు మాసములు వాడెను. ఇప్పుడు ఉద్యోగము చేయుచున్నాడు. దిగులు తలయెత్తినట్లున్నప్పుడు తానే ఫోనుచేసి, "పిన్నీ, డాక్టరుగారిని చూచి వత్తును" అని చెప్పి పోవును.

జాబు వ్రాసిన సోదరి యింటికి ప్రత్యుత్తరము పంపవలదని కోరినది గావున ఇక్కడనే వ్రాసితిమి. ఆమె జిల్లాలోని ప్రభుత్వాసుపత్రిలో మానసికవైద్యులు ఏయే దినములలో చూతురో కనుగొని యుంచితిమి. ఆమె యొక కార్డు వ్రాసి తన స్నేహితురాలి చిరునామా యేదైన నిచ్చినచో, పత్రిక పేరు పైన కనబడకుండ సాదా కవరులో పంపెదము.